చేబదులు

కుతైసీలో, హీటరు పనిచెయ్యని బడి గదిలో
అడ్డంగా కట్టిన ఒకే తాడుకి
రెండు ఇనప నట్లు వేలాడదీసింది ఎతెరి.
రెంటికీ ఎర్ర స్టిక్కర్లు.
కెమెరాకి స్టాండు లేదు, నాలుగు నిఘంటువులే పీట.

ఎడమదాన్ని లాగి వదిలింది.
అది ఊగి, ఊగి, నీరసించి, ఆగిపోయింది.
ఈలోగా కుడిది, ఎవరూ ముట్టుకోకుండానే,
ఆ ఊపంతా పుచ్చుకుని పోతోంది.
చేబదులు.
అడక్కుండానే ఇచ్చింది, అడక్కుండానే తీరుస్తుంది.
మధ్యలో గాలి మాత్రం
ప్రతిసారీ తన తరుగు తీసుకుంటుంది.

కంప్యూటరు సెకనుకి ముప్పైసార్లు చూసి
చుక్క పక్కన చుక్క పెడుతోంది:
ఒక అల ఉబ్బిన చోట రెండోది సన్నం.

నలభయ్యో సెకను దగ్గర గీత ఎగిరిపడింది.
నోదార్ మాస్టారు వెనక్కి తిప్పి చూశారు.
తాడు సర్దబోయిన ఎతెరి చెయ్యి, ఎర్ర స్వెట్టరు.
ఎరుపు కనిపిస్తే చాలు,
నట్టుని వదిలేసి దాని వెంట పడింది యంత్రం.

"చెరిపెయ్యనా?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.
"ఉండనీ. పదకొండు ఫ్రేములు.
పక్కన నీ పేరు రాయి."

రాసింది.
స్వెట్టరు విప్పి కుర్చీ మీద పడేసి
వణుకుతూ, ఈసారి కుడిదాన్ని లాగింది.