స్కోరు పుస్తకంలో ఎనిమిది

స్కోరు పుస్తకంలో మనుషులకు పేర్లుండవు, అంకెలుంటాయి.
బంతి విసిరేవాడు ఒకటి,
అతనికెదురుగా గొంతుక్కూర్చునేవాడు రెండు.
ఎనిమిదంటే బేస్‌బాల్ మైదానంలో అందరికంటే దూరంగా,
నట్టనడుమ, ఒక్కడే నిలబడేవాడు.
పందొమ్మిదేళ్లపాటు నేను ఎనిమిదని రాసినప్పుడల్లా
అది సూరాడ ఎల్లాజీ.

జాలారిపేట మనిషి.
పోర్టులో ఖలాసీ ఉద్యోగం ఆటే ఇప్పించింది.
మొదటి గ్లవ్ చిరిగితే వాళ్ల నాన్న
వల బాగుచేసే నైలాన్ దారంతో కుట్టిచ్చాడు.
ఆ ముడి విప్పడం మా జట్టులో ఎవరికీ చేతకాలేదు.

మధ్యాహ్నం మూడు దాటితే ఇక్కడ గాలి మాట మారుస్తుంది.
పైఊరి జట్లకి ఆ సంగతి తెలీదు.
పైకి లేచిన బంతి కింద చేతులు చాచి నిలబడతారు,
అది వెళ్లి వాళ్ల వీపు వెనక పడుతుంది.
ఎల్లాజీ ముందు బంతిని చూసేవాడు కాదు.
క్రేను మీది జెండాని ఒక్కసారి చూసి
వెనక్కి తిరిగి పరిగెత్తేవాడు,
తెప్ప మీద తెడ్డు చెయ్యి మార్చినట్టు
దారిలో భుజం మార్చి.

నేను రాసేది ఒక అక్షరం, ఒక అంకె.
ఆ నలభై గజాల పరుగుకి
నా పుస్తకంలో గడి లేదు.

గడి లేనివి ఇంకా ఉన్నాయి.
రెండో బేస్‌కి ఎవరు బంతి విసిరినా
దాని వెనక్కి అతను ఉరికొచ్చేవాడు, ఒకవేళ చెయ్యి జారితే అని.
ఎప్పుడో గాని జారదు.
తల దించుకుని మళ్లీ తన చోటికి నడిచిపోయేవాడు.
ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు,
పెన్సిలు చెక్కుకుంటున్నాను.

ఔరంగాబాద్ సెమీఫైనల్లో తేలిక బంతి ఒకటి
గ్లవ్ అంచుకి తగిలి గడ్డిలో పడింది.
ఇద్దరు ఇల్లు చేరారు. మేం ఓడిపోయాం.
రాత్రి రైల్లో పై బెర్తు మీంచి వంగి అన్నాను,
"ఎండ కళ్లల్లో పడింది కదా, హిట్టని రాసేస్తాను."
"ఎండ నిన్నా అక్కడే ఉంది కదండీ.
నా తప్పే. రాసీయండి."
రాశాను. ఆ పేజీ నా దగ్గరే ఉంది,
పక్కన టీ మరకతో.

ముప్పై ఎనిమిదో ఏట మోకాలు కాదంది.

ఇప్పుడు కంచరపాలెం గ్రౌండులో పొద్దున్నే అయిదున్నరకి
ఇరవైమంది పిల్లలు, తొమ్మిది గ్లవ్‌లు.
బంతులు ఇంటికి పట్టుకెళ్లి రాత్రి తుడుస్తాడు.
తెల్లారేసరికి పోర్టు దుమ్ము వాటిని మళ్లీ నల్లగా చేస్తుంది.
"ఇదేటండీ, క్రికెట్‌కి చుట్టమా?" అనడిగాడు ఒక తండ్రి.
"చుట్టం కాదు, పక్కింటోడు."
ఆ తండ్రి కొడుకుని పక్కింట్లో వదల్లేదు,
మర్నాడే తీసుకుపోయాడు.

మొదటి నెల పిల్లలకి బంతి ఇవ్వడు.
కళ్లు మూసుకోమని బ్యాటుతో కొడతాడు.
చప్పుడు విని చెప్పాలి: ముందుకా, వెనక్కా.
చెప్పలేకపోతే తిడతాడు, బాగానే తిడతాడు.
రెల్లివీధి నుంచొచ్చే నూకరత్నం ఒకరోజు నిలదీసింది:
"నా దగ్గరికి రాని బంతి ఎనకాల నానెందుకు పరిగెట్టాల, మాస్టారూ?"
నేను టేబుల్ దగ్గర చెవి రిక్కించాను,
ఇన్నేళ్లకి జవాబు దొరుకుతుందని.
"మళ్లీ పరిగెట్టు" అన్నాడు, అంతే.
ఆ పిల్ల గొణుక్కుంటూ పరిగెత్తింది.

నిన్న మ్యాచ్.
కోచ్ గీతకి ఇవతలే నిలబడాలి, అది రూలు.
నిలబడ్డాడు, చేతులు వెనక కట్టుకుని, చెప్పుల్లో.
బ్యాట్ మోగింది.
నూకరత్నం కదలకముందే,
ఆ చెడిపోయిన కాలు దానంతటదే
ఒక్క అడుగు వెనక్కి వేసింది.

పేజీ అడుగున రిమార్కులని ఒక గీత ఉంటుంది.
వాన, వెలుతురు లేదు, బంతి పోయింది
ఇలాంటివే రాస్తూ వచ్చాను ఇన్నాళ్లూ.
పెన్సిలు పెట్టాను, ఏం రాయాలో తోచలేదు.
క్రేను వైపు చూసి
నాలుగూ పది, తూర్పు గాలి, అని రాశాను.