నీడకు కూలి

ఈ వారం కరెంటు కోత.
"దీపాలు పెట్టి నీడలు పడేసే రోజులు కావివి,
నీడల్నే గోడకు పులిమెయ్" అన్నాడు మేస్త్రీ హార్ట్‌విగ్.
జిగురు ఉడకబెట్టాను. మసి కలిపాను.
వైసెన్‌జేలో ఆ గాజుకప్పు షెడ్డు కింద
వెలగని దీపస్తంభానికి బారెడు నీడ,
లేని కిటికీ నుంచి నేలమీదికి
బాకులాంటి వెలుగు.

తిన్నగా ఒక్క గీత గీస్తే ఒప్పుకోరు.
తలుపు తూలాలి, మెట్లు మెడ విరుచుకోవాలి,
పొగగొట్టం వంగి ఎవరి మాటలో వినాలి.
మా నాన్న సున్నాలమేస్త్రీ,
గుండు వేలాడదీసి చూడందే గోడను నమ్మేవాడు కాదు.
ఆ గుండు నా పెట్టెలోనే ఉంది.
ఇక్కడ దానికి పని లేదు.
బయట మాత్రం ఉందా?
పొద్దున పలకమీద రొట్టెకో ధర,
వరసలో నా వంతు వచ్చేసరికి
తడిగుడ్డతో తుడిచి ఇంకో ధర.

తమ్ముడు డెట్లెఫ్‌కి గుంపులో వేషం ఇప్పించాను.
వెర్దన్ నుంచి పది వేళ్ళతోనే తిరిగొచ్చాడు,
ఆ వేళ్ళే వాడి మాట వినవు.
చెంచా పట్టుకుంటే సగం సూపు బల్లదే.

దర్శకుడు చూశాడు. లేచి నిలబడ్డాడు.
"అదే! అలాగే వణుకు! తిప్పండి కెమెరా!"
నా మసినీడ ముందు డెట్లెఫ్ వణికాడు.
నీడ కదల్లేదు.
"భేష్. చాలు, ఆపు."
కెమెరా ఆగింది.
మెచ్చుకోళ్ళూ ఆగాయి.
వాడు ఆగలేదు.

ఎవరి పనుల్లోకి వాళ్ళు తలలు దూర్చారు.
హార్ట్‌విగ్ నా కుంచె అడిగి తీసుకుని
కడిగిందాన్నే మళ్ళీ కడిగాడు.
ఆ రోజు వాడికి రెండు కూలీలు.

సినిమా వచ్చింది. వెనక వరసలో కూర్చున్నాం.
తెరమీద ఇంటి గడపంత పెద్దవై
వాడి చేతులు.
ముందు కూర్చున్నావిడ మొగుడి కోటులో మొహం దాచుకుంది,
ఎవరో ఏడ్చారు, ఎవరో దగ్గారు,
హాలు హాలంతా చలిజ్వరం పట్టినట్టు.
నేను పక్కకి చూశాను.
చీకట్లో వాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి,
నిద్రపోయిన పిల్లుల్లా, ఒకదాని మీద ఒకటి.
"ఎవడో గాని బాగా చేశాడు" అన్నాడు నా చెవిలో.

బయట వీధిదీపం వెలుగుతోంది,
ఎన్నాళ్ళకో.
దాని కింద స్తంభం నీడ, రోడ్డుకి అడ్డంగా.
డెట్లెఫ్ ఆగాడు.
ప్యాంటు అంచులు పైకెత్తి, జాగ్రత్తగా దాటి,
వెనక్కి తిరిగి నన్ను హెచ్చరించాడు:
"చూసి అడుగెయ్యక్కా,
తడి ఆరిందో లేదో."