ఖాళీ సీసా

ఐరాల దగ్గర బోరు. తొమ్మిది వందల ఎనభై అడుగులు.
మోటారు వేసి ఇరవై నిమిషాలు ఆగాలి,
గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయి
రాతి లోపలి నీళ్ళు వచ్చేదాకా.
కుప్పమ్మ ఊరుకోలేదు.
"ఇన్ని నీళ్ళు నేలపాలా? ఏం సదువులమ్మా మీవి!"
పార తెచ్చి కాలవ మళ్ళించింది
టమాటా మడికి.
ఆగేది ఎట్లాగూ ఆగుతున్నానని
సంగటిముద్ద, ఊరిబిండి చేతిలో పెట్టింది.

గోధుమరంగు సీసాలు. వడగట్టి, అంచుదాకా నింపి,
మూత బిగించి ఐసుపెట్టెలోకి.
యాసిడ్ చుక్క వెయ్యకూడదు, ఎండ చూపించకూడదు.
ఎన్నేళ్ళో చీకట్లో ఉన్న నీళ్ళు
వెలుగు తగిలితే మాట మార్చేస్తాయి.
ఒక గ్లవుజు చిరిగింది.
ఆ ఒక్క మూతా ఒట్టి చేత్తోనే తిప్పాను.

తిరుపతి. ల్యాబులో రాత్రి పదకొండున్నర.
కరెంటు పోయొచ్చింది, యంత్రం మళ్ళీ మొదట్నించీ వేడెక్కింది.
నేను వెతికేది
మేడమీది సింటెక్స్ ట్యాంకులో రెండు ఆవగింజలంత.
అది కూడా ఒకే రూపంలో ఉండదు.
మూడు ఆక్సిజన్లను వెంటేసుకున్న అయోడేటు
ముందే బయటికొచ్చేస్తుంది.
ఒంటరి అయోడైడు గోడలు పట్టుకుని,
తోక ఈడ్చుకుంటూ, ఆఖరున.
రెండూ కలిపినా మొత్తానికి కొంచెం తక్కువ.
ఆ కొంచెం
ఏ కుళ్ళిన ఆకును పట్టుకునుందో, నా దగ్గర దానికి పేరు లేదు.

చివర్లో ఖాళీ సీసా పెట్టాను.
ల్యాబు నుంచి బోరు దగ్గరికి తీసుకుపోయి
అక్కడే నింపిన శుద్ధజలం,
ఏమీ ఉండకూడని నీళ్ళు.
స్క్రీను మీద చిన్న గుట్ట లేచింది,
సరిగ్గా అయోడేటు వచ్చే చోట.

గంటసేపు యంత్రాన్ని తిట్టాను.
తర్వాత గుర్తొచ్చింది, చిరిగిన గ్లవుజు,
ఊరిబిండి, అందులో ఉప్పు,
ఉప్పులో అందరికీ కలిపే అయోడేటు.
ఏమీ లేని సీసాలో
కుప్పమ్మ పెట్టిన ముద్ద ఉంది.

పద్నాలుగు సీసాలూ సింకులో వంపేశాను.
నోటుబుక్కులో, కారణం అన్న గడిలో:
చేతి ఉప్పు.

గురువారం మళ్ళీ ఐరాల.
మడికి కాలవ ముందే తీసిపెట్టి ఉంది.
"మళ్ళీ వచ్చినావే, మా నీళ్ళు చెడ్డవా?"
"నీళ్ళు కాదక్కా, నా చెయ్యి."
నా అరచెయ్యి లాక్కుని
వెనకా ముందూ తిప్పి చూసింది.
"బాగానే ఉండాదే" అంది.