లాగుడు

కంచరపాలెం మెట్టు దగ్గర రేకుల షెడ్డులో
ఎల్లాజీ బండిని రెండుసార్లు విప్పాం.
మొదటిసారి తప్పు నాది.

పెద్ద జెట్టు నేనే వేశాను.
క్యామ్ నేనే మార్చాను. సైలెన్సర్ కోసి
లోపలి జల్లెడ పీకి పారేశాను.
బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దాటేసరికి
మీటరు ముల్లు నూట ఇరవై దగ్గర వణికింది.
నేనూ వణికాను.

ఆ రాత్రే ఎల్లాజీ
ఫిషింగ్ హార్బర్‌లో రెండు ఐసు పెట్టెలు కట్టుకుని
శృంగవరపుకోట దాటి ఘాటెక్కాడు.
మూడో మలుపు దగ్గర
ఇంజన్ ఊపిరాడక ఆగిపోయింది.
పెట్టె జారి, కానాగంతలన్నీ
తారు మీద పరుచుకున్నాయట,
లారీ లైట్లలో మెరుస్తూ.

"అరవడానికైతే బాగానే అరిసింది బావూ,
లాగనేదు, అంతే" అన్నాడు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

కూర్మారావు మేస్త్రి బీడీ ఆర్పి
నన్నడిగాడు:
"అలివి వల లాగుతుంటే సూసేవా ఎప్పుడైనా?
ఎవులైనా పరిగెడతారేటి?"

మళ్ళీ విప్పాం.

హెడ్డు అర మిల్లీమీటరు చెక్కించాం.
లేత్ మీంచి రాలిన వెండి పొట్టు
రెండు రోజులు నా చొక్కాని వదల్లేదు.
పిస్టన్ నెత్తిన చిటికెడు బంకమట్టి అంటించి
చేత్తో ఇంజన్ తిప్పి, మళ్ళీ తెరిచి
మట్టిలో వాల్వు పడిన గుంటని
ఆయన గోరుతో కొలిచాడు, నేను స్కేలుతో.
లెక్కలు కలవలేదు.
గోరే నెగ్గింది.

అరచేతుల మధ్య కర్ర తిప్పుతూ వాల్వులు నూరాను,
కవ్వంతో చల్ల చిలికినట్టు,
గరగర పోయి గుసగుస మిగిలేదాకా.
పాత క్యామ్ కడిగి తిరిగి పెట్టాను.
జల్లెడ కోసం చెత్తకుప్ప వెతికాను.
వెనక చక్రానికి
రెండు పళ్ళు ఎక్కువున్న స్ప్రాకెట్టు.
టైమింగ్ ఒక్క వెంట్రుక వెనక్కి.
ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఒక బోల్టు
మధ్యాహ్నమంతా తినేసింది.
ఇది రాయకపోతే
మిగిలిందంతా అబద్ధమౌతుంది.

మర్నాడు తెల్లవారుజామున రెండున్నరకి
పెట్టెల మధ్య ఇరుక్కుని నేనూ ఎక్కాను.
ఐసు నీళ్ళు చెప్పుల్లోకి కారుతున్నాయి.

మూడో మలుపు.
ఎల్లాజీ గేరు మార్చలేదు.
ఇంజన్ గొంతు పెంచలేదు,
ఎక్కడో బొడ్డు కింది నుంచి
ఒక్కో దెబ్బా వేసుకుంటూ ఎక్కింది,
తడి తాడు భుజానేసుకుని
ఇసుకలో మడమలు తొక్కి నిలదొక్కుకున్న మనిషిలా.
నాలుగో మలుపు. ఐదు.
తర్వాత లెక్క మరిచాను.

పైన, మంచులో ఆపించి ప్లగ్గు విప్పాను.
వేళ్ళు కాలాయి.
టార్చి దగ్గరగా పట్టుకుంటే
వేయించిన పల్లీ పొట్టు రంగు.

"ఏటైనాది?" అన్నాడు ఎల్లాజీ,
సంతకి ఆలీసమైపోతాదని.
ఏం లేదన్నాను.
బిగించాను.

బండి ఇప్పుడు తొంభై దాటుతుందో లేదో
ఎవరికీ తెలీదు.
బీచ్ రోడ్డులో వణికిన ఆ ముల్లు
ఆ రోజే విరిగిపోయింది.
మార్చమని ఎల్లాజీ
ఇప్పటిదాకా అడగలేదు.