యాభై అయిదు దగ్గర

యాభై నాలుగు దాకా మంచి బండే.
యాభై అయిదులో, మదురవాయల్ బైపాస్ వంతెన మీద
రెండో ఇనుప అతుకు తగిలిందంటే చాలు
ముందు చక్రాలు రెండూ ఒకదాన్నొకటి తిట్టుకోవడం మొదలెడతాయి.
స్టీరింగు నా చేతుల్లో
బతికున్న వాలుగ.
డ్యాష్‌బోర్డు మీది నిమ్మకాయ దొర్లి క్లచ్చి కిందికి పోతుంది.
వెనక గడ్డి కుక్కి తాళ్లేసి బిగించిన
తొమ్మిది నిలువుటద్దాలు పళ్లు కొరుకుతాయి.

గట్టిగా బ్రేకు తొక్కకూడదని తెలుసు.
తొక్కాను.
రెండు అద్దాలు. పన్నెండు వేల ఎనిమిది వందలు.
సేటు ఒక్క మాట అనలేదు.
అన్నా బాగుండేది.

పోరూరులో టైర్లు మార్చారు.
అంబత్తూరులో చక్రాలకు సీసం బిళ్లలు కొట్టారు.
వానగరంలో ఒకాయన కొత్త డ్యాంపర్ బిగించి
ఇక కళ్లు మూసుకుని తోలుకో అన్నాడు.
మూడు వారాలు తోలాను, కళ్లు తెరుచుకునే.
నాలుగో వారం చేప మళ్లీ బతికింది.

పాడి వంతెన దాటాక, పాత టిన్నుల కొట్టు వెనక
ధనకోటి షెడ్డు.
సొంతూరు నగరి పక్కన. ముప్పై ఏళ్లుగా ఇక్కడే.
అరవంలో బేరం, తెలుగులో తిట్లు.
"డ్యాంపర్ నోరు మూస్తాది నాయనా, నొప్పి తీయదు."
బానెట్ ఎత్తలేదు. నా వంక చూసి అడిగాడు:
"మలుపు తిరిగినాక చెయ్యి వదిలితే
స్టీరింగు దానంతట అది తిరిగొస్తాదా?"

ఇన్ని షెడ్లలో ఎవరూ అడగని మాట.
రాదు. నేనే లాక్కొస్తాను.
ఎప్పటి నుంచి?
నాకు తెలీదు, కుడి భుజానికి తెలుసు.
కమాన్ పట్టీలు మార్పించిన నెల నుంచీ
రాత్రుళ్లు దానికి నొప్పి నూనె రాస్తూనే ఉన్నాను.

మేనకోడలు కస్తూరి చేతిలో దోసె పక్కన పెట్టి
క్యాబిన్ ఎక్కింది.
ఇంజిను ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి
కొంచెం అటు, కొంచెం ఇటు,
జోల ఊపినట్టు తిప్పుతోంది.
ఆయన కింద వెల్లకిలా పడుకుని
ఒక్కో కీలు మీదా అరచెయ్యి వేసి ఆగుతున్నాడు.
టై రాడ్ చివర వేలు ఆగింది.
"టిక్కంటా ఉండాది. కానీ ఇది దొంగ కాదు,
దొంగకు కాపలా కాసేవాడు."

తర్వాత టార్చి అడిగాడు.
పట్టీలకూ యాక్సిలుకూ నడుమ
వేలెడు మందం ఇనుప చీలిక.
దళసరి వైపు వెనక్కి ఉండాలి,
ముందుకు ఉంది.
అంతే.
ఎవడో సాయంకాలం తొందరలో తిరగేసి బిగించాడు.
వాడికి ఆ రోజు ఎక్కడికో వెళ్లాలేమో.

"చేతులొదిలి సైకిలు తొక్కినావా?
ముందు చక్రం ఈడ్చుకుంటా వెనకబడి వస్తాది,
అందుకే పడవు.
ఆ వెనకబాటు పోతే
ఆసుపత్రి స్ట్రెచర్ చక్రమే, గిలగిల."

యు బోల్టులు నాలుగూ తుప్పు. కోసేశాడు.
చీలిక తిప్పాడు. కీలు కొత్తది.
బరువంతా నేల మీద నిలిపాకే ఆఖరి బిగింపు.
చక్రాల ముందూ వెనకా నూలు దారం పట్టి
కస్తూరి కొలత చెప్పింది: రెండు మిల్లీమీటర్లు.
మూడు వేల నాలుగొందలు. దోసె చల్లారిపోయింది.

పక్కన కూర్చుని వచ్చాడు.
యాభై రెండు. యాభై నాలుగు.
కోయంబేడులో కొత్తిమీర కట్ట ఎంతుందో అడుగుతున్నాడు.
రెండో అతుకు.
ఠప్.
నిమ్మకాయ ఉన్నచోటే ఉంది.
"పదిహేను రూపాయలు" అన్నాను, ఎవరి గొంతుతోనో.

రెండు నెలలైంది.
అద్దాలన్నీ మాట్లాడకుండా ఇల్లు చేరుతున్నాయి.
ఆ అతుకు దగ్గర మాత్రం నా వేళ్లు
ఇంకా ముందే బిగుసుకుంటాయి.
వీటికి చీలిక ఎక్కడుందో ధనకోటిని అడగాలి.
నిన్న చిటికెన వేలు ఒకటి
వదిలి చూశాను.