తీగ కనపడకూడదు

తీగ కనపడకూడదు, అందావిడ.
బేరమాడలేదు. ఎంతసేపు పడుతుందనీ అడగలేదు.
పశువుల డాక్టరు. ఉయ్యూరు దాకా తిరిగే ఎర్ర శాంట్రో.
వెనక సీటు మీద గమ్‌బూట్లు, కారు నిండా డెట్టాలు వాసన.
చేతిలో సబ్బుపెట్టంత రేడియో.
ఆకాశం నించి పాడుతుందట అది.
రాత్రికి ఊడదీసి ఇంట్లోకి తీసుకెళ్తుందట,
పొద్దున్నే మళ్ళీ దాని గూట్లో దాన్ని కూచోబెట్టాలి.

ఆటోనగర్లో మా షెడ్డుకి అటూ ఇటూ
లారీ బాడీలు కట్టేవాళ్ళు.
ఆ సుత్తుల మధ్య కూచుని
చప్పుడు లేని పని నేర్చుకున్నాన్నేను.

ముందు బ్యాటరీ మైనస్ విప్పాను.
మా కోటిలింగం మేస్త్రి అనేవాడు:
కరెంటు ఎవరికీ చుట్టం కాదురా బాజీ,
పలకరించి లోపలికెళ్ళు.

సిగరెట్ లైటరు వెనక సందులో నా చెయ్యి పట్టలేదు.
ఏసుపాదాన్ని పిలిచాను,
పెళ్ళి కాని వేళ్ళు వాడివి, ఎక్కడికైనా దూరతాయి.
ఒక క్లిప్పు టప్పుమంది.
ఆవిడ బయట ఫోన్లో ఎవరి గేదె గురించో మాట్లాడుతోంది, వినలేదు.
వినకపోయినా వాణ్ణి సైకిలు మీద పంపాను.
క్లిప్పు రెండున్నర రూపాయలు,
పోయి రావడానికి ముప్పావుగంట.

ఈలోగా తీగకి నల్లగుడ్డ టేపు చుట్టాను,
గుంటల్లో డాష్‌బోర్డు కింద గిలగిలమనకుండా.
రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక ఎర్తు బిగించాను.
తివాచీ ఎత్తితే
రెండు చింతగింజలు, ఒక సూదిమూత,
గన్నవరం బస్సు టిక్కెట్టు.
ఎక్కడివక్కడే ఉంచి తీగని పక్కనించి పోనిచ్చాను.

యాంటెన్నా టాపు మీద పెడితే
అయస్కాంతం టక్కున కరుచుకుంది.
తలుపు రబ్బర్లోకి దిగే ముందు
తీగకి ఒక చిన్న వంపు వదిలాను.
వాననీళ్ళు అక్కడిదాకా వచ్చి
ఆ వంపులోంచి కిందకి రాలిపోవాలి.
ఈ వంపు సంగతి ఎవరూ అడగరు.

తాళం తిప్పితే దీపం వెలిగింది, గొంతు లేదు.
మళ్ళీ తిప్పాను. లేదు.
చెమట పట్టింది.
ఏసుపాదమే పైకి చూసి అన్నాడు:
అన్నా, రేకుల కింద ఆకాశమెక్కడిది?
ముగ్గురం కలిసి ఎండలోకి తోశాం.

అప్పుడు మాట్లాడింది.
ఏ దేశమో, ఏ భాషో,
ఒకామె ఎవరికో మెల్లగా ఏదో చెబుతోంది,
వెనక వయొలిన్.
పక్క షెడ్డులో సుత్తి ఆగింది.
ఆగింది అని మాకు తెలియడానికి కూడా కొంచెం పట్టింది.

డాక్టరమ్మ వంగి చూసింది, తలుపు అంచంతా తడిమింది.
ఏదయ్యా తీగ?
ఉందండీ, అన్నాను.
ఏమీ కనపడందానికి నాలుగొందలా, అని నవ్వి
అయిదొందల నోటిచ్చి చిల్లర అడక్కుండా వెళ్ళింది.

తర్వాత ఆ కంపెనీ మూతపడింది.
కొన్నాళ్ళు జనం రేడియోలు పట్టుకుని వచ్చేవాళ్ళు,
రిపేరనుకుని.
పాడవలేదండీ, పైనే ఎవరూ లేరు, అనేవాణ్ణి.

మొన్న పాతసామాన్ల మస్తాన్ దగ్గర
చక్రాల్లేని శాంట్రో కనపడింది.
ఎండకి వెలిసిన టాపు మీద
అగ్గిపెట్టెంత మేర ఇంకా నిగనిగలాడే ఎరుపు.
చెయ్యి దానంతటదే తలుపు రబ్బరు లాగింది.

గూట్లో ఏమీ లేదు.
తీగ ఉంది, పడుకోబెట్టినచోటే.
ఇదేంది, ఇక్కడెవడో వైరు దాచాడే, అన్నాడు మస్తాన్,
రాగి ఎంతుంటుందోనని చూస్తూ.
నేను పలకలేదు.
వంపు దగ్గర నీటి మరకలు,
ఒకదాని మీద ఒకటి, ఎన్ని వానాకాలాలవో.
దానికివతల వేలు పెట్టి చూశాను.
పొడి.