మేత లెక్క

ఆదోనిలో పత్తి సీజను.
జిన్నింగు మిల్లు కాటా గదిలో
బండ్ల తూకాలు రాసే పుస్తకం కింద
ఇంకో పుస్తకం పెట్టుకుని చదువుతుంటాను.
ఏడువందల పేజీల యుద్ధం.
దూరవిద్య ఎమ్మే, రెండో ఏడు, మూడో పేపరు.
నలభై మూడేళ్లొచ్చాక
ఫ్రెంచి చక్రవర్తి నా నెత్తిన పడ్డాడు.

కల్నళ్లే పద్నాలుగు మంది.
అట్ట లోపల పట్టీ రాసుకుని
చచ్చినవాని పేరు పక్కన చిన్న గీత,
సరుకు దించిన బండికి గీసినట్టే.
నదుల పేర్లకు నోరు తిరగలేదు.
ఒకదాన్ని హగరి అనుకుని దాటేశాను,
ఇంకోదాన్ని తుంగభద్ర అనుకుని.

ఆదివారం హాజిరాబీ మేడం ఇంటికి పోతాను.
ఉగ్గాని పెట్టి, పుస్తకం లాక్కుని
ఎక్కడెక్కడ పెన్సిలు పెట్టానో చూస్తుంది.
"ఫిరంగులకు గీశావు, జెండాలకు గీశావు.
దండు పొద్దున ఏం తిన్నదో
ఆ లైను వదిలేశావేం?"

తలెత్తలేదు నేను.

మిల్లులో మాత్రం ఆ లైను ఎవరూ వదలలేదు.
చీకటిపడే వేళకు హమాలీ ఉరుకుందు వచ్చి
గడప మీద కూర్చుంటాడు:
"ఏం రైటరయ్యా, యాడికొచ్చిరి ఈపొద్దు?"
చెప్తాను.
"గుర్రాలెన్ని?"
లక్షన్నర అన్నాను.
బీడీ ఆర్పి చెవిమీద పెట్టుకున్నాడు.
వేళ్లు చాల్లేదు,
గోడమీద బొగ్గుతో వేశాడు మోపుల లెక్క.
"ముందర పోయేటోళ్లు ఊర్లు కాల్చుకుంటా పోతాండారంటివి గదా.
ఇంగ గడ్డి యాడిదబ్బా?
మర్లుకుంటారు సూడు. మర్లుకునేటోనికి గుర్రముండదు."

నేనప్పుడు రెండువందల నలభయ్యో పేజీలో ఉన్నాను.
చక్రవర్తికి ఆ సంగతి తెలిసింది
ఐదువందల మూడులో.

ఎట్లా చెప్పావని అడిగితే నవ్వలేదు.
కరువు ఏడాది ఎద్దుల జతను తోలుకుని
కోసిగి నుంచి రాయచూరు దాకా
గడ్డికోసం నడిచినవాడు.
పోయేటప్పుడు జత.
వచ్చేటప్పుడు భుజాన పలుపులు.

మేడం ఒకసారి నా నోటుబుక్కులో
పేజీని నిలువునా రెండుగా మడిచింది.
"ఎడమపక్క వాళ్ల తేదీలు రాయి,
కుడిపక్క మనవి."
పద్దెనిమిది వందల సంవత్సరం:
అక్కడ కొండలెక్కి దిగుతున్నాయి ఫిరంగులు.
ఇక్కడ నిజాం ఒక కాగితం మీద
మన సీమను కుంపిణీకి రాసిచ్చాడు,
దండు ఖర్చుల కింద చెల్లు.
ఎవరి దండో, ఎవరి మేతో!
కుడిపక్క చాలాసేపు
పెన్సిలు కదల్లేదు.

మంచు మాత్రం అర్థం కాలేదు నాకు.
మారెక్క జిన్ను గదిలోకి రమ్మంది.
దూది గాలిలో లేచి రెప్పల మీద, మీసం మీద,
ముందున్న మనిషి చెరిగిపోయేంత తెల్లగా.
దగ్గు వినబడితే అటు నడిచాను.
"ఇట్లుంటాదా ఆడ?"
ఇట్లనే, కాకపోతే చలి.
"దగ్గుతారా?"
పుస్తకంలో ఎక్కడా దగ్గు లేదు.
మార్జినులో రాసుకున్నాను: దగ్గు.

బండ్ల వెనక డోలు కొట్టే పిల్లగాడొకడు.
వానికి పేరు పెట్టలేదు రచయిత.
నాలుగువందల పదకొండులో
ఎడమకాలి బూటు బురదలో ఉండిపోయింది.
అంతే, ఆ తర్వాత వాడు కనబడడు.
పట్టీలో చివర్న
"డోలు పిల్లోడు" అని నేనే ఎక్కించుకున్నాను.
గీత గీయలేదు.

పరీక్ష కర్నూల్లో.
సేనాని వ్యూహాన్ని అంచనా వేయుము, ఇరవై మార్కులు.
మోపుల లెక్క రాశాను,
కూడికతో సహా, గోడమీద ఉన్నట్టే.
దిద్దేవాళ్లు ఏమనుకుంటారో!

మర్నాడు కాటా దగ్గర బండ్ల వరస.
ఉరుకుందు ఇన్నాళ్లలో ఎప్పుడూ
గెలిచిందెవరని అడగలేదు.
"ఆ పిల్లోనికి బూటు దొరికెనా?"
లేదన్నాను.
"పాత గుడ్డన్నా సుట్టుకున్నెనా కాలికి?"
రాయలేదు.
"రాసేది గదా,"
అన్నాడు, బోరెం వీపుకెత్తుకుంటూ.